ఎట్నా కొండవాలు తెల్ల వైన్: సీసా ఎంచుకోవడం నుంచి ఏళ్లపాటు దాచడం వరకు

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో ఉన్న అగ్నిపర్వతం ఎట్నా పేరు చెప్పగానే వైన్ ప్రియులు ఎరుపు వైన్ గురించే మాట్లాడతారు. నా మట్టుకు నాకు ఆ కొండ ఇచ్చే అసలు విశేషం తెల్ల వైన్. కారికాంటే అనే స్థానిక ద్రాక్షతో, ఎక్కువగా కుటుంబ వైనరీల్లో తయారయ్యే ఆ డ్రై వైన్‌ను ఎట్నా బియాంకో అంటారు. తీపి ఉండదు, గుప్పుమనే పరిమళం ఉండదు, మొదటి గుక్కలో పెద్దగా ఏమీ చెప్పదు. "బాగానే ఉంది గానీ పుల్లగా ఉంది" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. అలా పెట్టేసిన సీసా వెనుక మూడు తప్పుల్లో ఒకటి ఉంటుంది: మరీ చల్లబరచడం, మరీ లేతగా తెరవడం, సరిపోని వంటకంతో వడ్డించడం. మూడూ తొందర వల్ల వచ్చేవే. వాటిని ఎలా తప్పించుకోవాలో దశలవారీగా చూద్దాం.

మొదటి దశ: కొండకు ఏ వైపో తెలుసుకోండి

సిసిలీ తూర్పు అంచున 3,300 మీటర్లకు పైగా లేచిన ఎట్నా ఇప్పటికీ నిప్పు కక్కుతూనే ఉంది. 1669లో దాని లావా కటానియా నగరం దాకా వచ్చింది. 1928లో మస్కాలి పట్టణం దాదాపు మొత్తంగా దాని కింద పడిపోయింది. 1981లో రాండాజో సమీపంలోని తోటలను కోసుకుంటూ పారింది. ఇలా వేర్వేరు కాలాల్లో పారిన లావాలు పక్కపక్కనే ఉండటంతో, ఒక తోటలో నల్లటి మెత్తని ఇసుక ఉంటే, గోడ అవతలి తోటలో గులకరాళ్లంత లావా ముక్కలు ఉంటాయి. ఈ తేలికైన లావా ముక్కల నేలను స్థానికులు "రిపిడ్డు" అంటారు. వాన నీరు అందులో నిలవదు. వేళ్లు లోతుకు దిగక తప్పదు.

ద్రాక్షతోటలు కొండ చుట్టూ పూర్తిగా ఉండవు. ఉత్తరాన రాండాజో దగ్గర మొదలై, తూర్పు మీదుగా దిగి, నైరుతిన బియాంకావిల్లా వరకు అర్ధచంద్రాకారంలో సాగుతాయి. ఎత్తు సుమారు 400 నుంచి 1,000 మీటర్లు. తెల్ల వైన్ కొనేవారు ఈ పటాన్ని మూడు ముక్కలుగా గుర్తుపెట్టుకుంటే చాలు.

తూర్పు వాలు కారికాంటేకు పుట్టిల్లు. అక్కడ మిలో అనే చిన్న ఊరు ఉంది. ఎదురుగా అయోనియన్ సముద్రం. సముద్రం నుంచి వచ్చే మేఘాలు కొండకు తగిలి అక్కడే కురుస్తాయి కాబట్టి సిసిలీలో బాగా వానలు పడే చోట్లలో అదొకటి. అంత తేమలో, అంత ఎత్తులో ఎరుపు ద్రాక్ష నెరెల్లో మస్కలేజే సరిగా పండదు. కారికాంటేకు మాత్రం ఆ నెమ్మదైన పక్వమే కావాలి. తరచుగా అక్టోబరులోనే కోతకు వస్తుంది. ఫలితంగా పదునైన పులుపు, నిమ్మతొక్క, సోంపు వాసన, చివర్లో ఉప్పదనం.

ఉత్తర వాలు మీద లింగ్వాగ్లోసా, కాస్టిల్యోనే, రాండాజో ఊళ్లున్నాయి. అది ఎరుపు ద్రాక్ష రాజ్యం. అక్కడి తెల్ల వైన్లు కాస్త నిండుగా, ఆపిల్, పియర్ పండ్ల వైపు మొగ్గుతాయి. దక్షిణ, నైరుతి వాలుల్లో ఎండ ఎక్కువ, అయితే కొన్ని పాత కారికాంటే తోటలు బాగా ఎత్తున ఉండటంతో పులుపు తగ్గదు. ఒక్క సీసాతో ఎట్నా తెల్ల వైన్ స్వభావం తెలుసుకోవాలనుకుంటే మిలో నుంచే మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక మాట. "లావా రుచి నాలుక మీద తెలుస్తుంది" అని అమ్మకందారులు చెబితే నవ్వి ఊరుకోండి. వేళ్లు రాతి రుచిని గుత్తుల్లోకి మోసుకుపోవు. నేల ప్రభావం నిజమే గానీ అది వచ్చే దారి వేరు: నీరు నిలవని నేల, సేంద్రియ పదార్థం తక్కువ, పగటి వేడికీ రాత్రి చలికీ మధ్య పెద్ద తేడా. వీటన్నిటి వల్ల పండు పులుపును పోగొట్టుకోకుండా పండుతుంది. తీపి లేని, పండ్ల వాసన తక్కువగా ఉన్న పుల్లటి వైన్ మన నోటికి ఉప్పగా, రాతిలా అనిపిస్తుంది. ఇసుక నేల వల్ల మరో మేలు జరిగింది. 19వ శతాబ్దంలో యూరప్ తోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు ఇసుకలో సరిగా బతకలేదు. అందుకే ఎట్నాపై కొన్ని చోట్ల పురుగును తట్టుకునే వేరే వేళ్లకు అంటు కట్టని, శతాబ్దం దాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి.

రెండో దశ: లేబుల్ చదవండి

ఎట్నాకు 1968లో డీఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతంలో ఫలానా నిబంధనలతో చేసిన వైన్ అని చెప్పే ఇటలీ ముద్ర. సిసిలీలో మొదట ఆ గుర్తింపు పొందిన ప్రాంతం ఇదే. నిబంధనల్లో కొనుగోలుదారుకు పనికొచ్చేవి కొన్నే.

"ఎట్నా బియాంకో" అని ఉంటే కనీసం 60 శాతం కారికాంటే. మిగిలిన దాంట్లో ఎక్కువగా కటరాటో అనే మరో సిసిలీ ద్రాక్ష ఉంటుంది. కటరాటో పాలు పెరిగితే వైన్ మెత్తగా, వెడల్పుగా తోస్తుంది.

"ఎట్నా బియాంకో సుపీరియోరే" అని ఉంటే కనీసం 80 శాతం కారికాంటే, పైగా తోట మిలో పరిధిలోనే ఉండాలి. ఇటలీలో "సుపీరియోరే" అనే మాట చాలా చోట్ల ఆల్కహాల్ కాస్త ఎక్కువ అని మాత్రమే చెబుతుంది. ఇక్కడ మాత్రం అది ఊరి చిరునామా. లేబుల్ మీద నేను మొదట వెతికేది ఈ మాటనే.

"కాంట్రాడా" పేరు ఉంటే అది ఒక నిర్దిష్టమైన పొలాల సముదాయం. 2011లో సవరించిన నిబంధనల్లో 133 కాంట్రాడాలను గుర్తించారు, తర్వాత ఆ సంఖ్య పెరిగింది. కాంట్రాడా పేరు దానంతట అది నాణ్యతకు హామీ కాదు. పళ్లు ఎక్కడివో చెప్పడానికి ఆ రైతు వెనకాడటం లేదని అర్థం, అంతే.

"అజియెండా అగ్రికోలా" అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, వదిలేయకండి. సొంత సాగులోని తోటల పళ్లతోనే, తమ దగ్గరే వైన్ చేసేవారికే ఆ మాట వాడే హక్కు ఉంది. కుటుంబ వైనరీ అని చెప్పుకునేవారందరూ సొంత పళ్లే వాడాలని లేదు. ఆ తేడా పట్టిచ్చేది ఈ రెండు మాటలే.

మరో చిక్కు. ఎట్నా మీద పండిన కొన్ని మంచి వైన్ల లేబుల్‌పై ఎట్నా పేరే కనిపించదు. తోట మరీ ఎత్తున ఉండో, పరిధి గీతకు అవతల ఉండో సిసిలీ మొత్తానికి వర్తించే, నిబంధనలు కాస్త సడలిన "టెర్రే సిసిలియానే ఐజీటీ" పేరుతో సీసాలోకి వెళతాయి. దాన్ని చూసి తక్కువ రకం అనుకోనక్కరలేదు.

డ్రై అన్న మాట లేబుల్‌పై ఉండకపోవచ్చు. యూరోపియన్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు అనుమతి ఉంది. కారికాంటే పులుపు దృష్ట్యా ఎట్నా బియాంకోలో తీపి నాలుకకు తగలదు.

మూడో దశ: కుటుంబం గురించి కాదు, పని గురించి అడగండి

తాతముత్తాతల కథలు ప్రతి వైనరీకీ ఉంటాయి. కొన్నిటికి నిజంగానే బరువుంది. మిలోలోని బరోనె డి విల్లాగ్రాండే నికొలోసి కుటుంబం చేతిలో 1727 నుంచి నడుస్తోంది. 1968 నాటి డీఓసీ నిబంధనల రూపకల్పనలో ఆ కుటుంబానికి చెందిన కార్లో నికొలోసి అస్ముండో పాత్ర ఉంది. 1988లో జుసెప్పే బెనాంటి, వైన్ నిపుణుడు సాల్వో ఫోటి సాయంతో, కారికాంటేను ఏళ్లు నిలిచే వైన్‌గా మలచే పని చేపట్టాడు. 1990 పంట నుంచి మొదలైన వారి పియెట్రామరీనా మిలో తోటల నుంచే వస్తుంది, కోత అయిన కొన్నేళ్లకు గానీ మార్కెట్‌కు రాదు. తెల్ల వైన్‌ను అమ్మకుండా అన్నేళ్లు ఉంచడం అప్పట్లో ఎట్నా మీద మామూలు సంగతి కాదు.

దుకాణదారునో, వైనరీ వారినో అడగవలసినవి మూడు ప్రశ్నలు.

ఒకటి, తీగలు ఎలా పెంచారు? పందిరి లేకుండా, ఒక్కో తీగను ఒక్కో చెస్ట్‌నట్ గుంజకు కట్టి పొదలా పెంచే పాత పద్ధతిని "అల్బెరెల్లో" అంటారు. మెట్లుమెట్లుగా లావా రాతి గోడలున్న చోట ట్రాక్టరు తిరగదు, అన్నీ చేతి పనులే. ధర ఎక్కువగా ఉండటానికి అసలు కారణం ఇది.

రెండు, పులిశాక అడుగున పేరుకునే ఈస్ట్ మడ్డి మీద ఎంతకాలం ఉంచారు? ఈ మూడింటిలో ముఖ్యమైనది ఇదే. కారికాంటేలో మాలిక్ ఆమ్లం, అంటే పచ్చి ఆపిల్లో ఉండే పులుపు, చాలా ఎక్కువ. పాతకాలపు రైతులు వైన్‌ను మడ్డి మీదే శీతాకాలమంతా వదిలేసేవారు. వసంతంలో వేడి పెరగగానే బ్యాక్టీరియా ఆ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చేది. ఇప్పుడు కొందరు ఆ మార్పు జరగనిస్తారు, కొందరు ఆపేస్తారు. జరగనిస్తే గుండ్రదనం, ఆపేస్తే కత్తిలాంటి పదును. మడ్డి మీద ఆరు నెలలకు పైగా ఉన్న వైన్‌లో పులుపు అంతే ఉన్నా నోట్లో నిండుదనం వస్తుంది.

మూడు, స్టీల్ ట్యాంకా, ఓక్ పీపానా? కొత్త ఓక్ పీపా వాసన కారికాంటేను తేలిగ్గా మింగేస్తుంది. స్టీల్ లేదా పాత పెద్ద పీపా అని సమాధానం వస్తే ధైర్యంగా కొనండి.

నాలుగో దశ: చల్లబరచండి, అతిగా వద్దు

ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే సీసా 4, 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో ఈ వైన్‌ను రుచి చూడటం గాయకుడి నోటికి గుడ్డ కట్టి పాడమన్నట్టే. పులుపు ఒక్కటే తెలుస్తుంది, వాసనలు ముడుచుకుపోతాయి. లేత వైన్‌కు 10 నుంచి 12 డిగ్రీలు, అయిదేళ్లు దాటినదానికి 12 నుంచి 14 డిగ్రీలు తగినవి. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట నుంచి అరగంట బయట ఉంచితే సరిపోతుంది. గది వేడిగా ఉన్న రోజున అంతకంటే ముందే వడ్డించండి, ఎందుకంటే గ్లాసులో అది త్వరగా వేడెక్కుతుంది. వ్యవధి లేకపోతే మంచు ముక్కలూ నీళ్లూ కలిపిన బకెట్‌లో 20 నిమిషాలు పెట్టండి. నీళ్లు లేకుండా ఒట్టి మంచులో గుచ్చితే సీసాకు చలి సరిగా అంటదు.

గ్లాసు నోరు కాస్త సన్నగా, పొట్ట మధ్యస్థంగా ఉండాలి. మూడో వంతు కంటే ఎక్కువ పోయకండి.

కార్క్ తీయడంలో విశేషం లేదు. సీసా పెదవి కింద రేకు కోసి, స్క్రూను నడిమధ్యలో దించి, నెమ్మదిగా లాగండి. పాత సీసా కార్క్ పొడిగా ఉండవచ్చు, అప్పుడు మాత్రం ఇంకాస్త నెమ్మది.

అయిదో దశ: మూడు విడతల్లో రుచి చూడండి

మొదటి విడత, తెరవగానే. గ్లాసు తిప్పకుండా వాసన చూడండి. ఆర్పిన అగ్గిపుల్ల వాసన వస్తే బెదరకండి. గాలి తగలకుండా స్టీల్‌లో, మడ్డి మీద ఎక్కువ కాలం ఉన్న వైన్లలో గంధక సమ్మేళనాలు మిగలడం మామూలే. గ్లాసు గట్టిగా తిప్పితే కాసేపట్లో పోతుంది. పోకపోతే జగ్గులో ఒంపి పావుగంట వదిలేయండి. తెల్ల వైన్‌ను జగ్గులోకి ఒంపడమేమిటని ఎవరైనా అంటే అననివ్వండి.

రెండో విడత, పావుగంట తర్వాత. ఇప్పుడు నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, నారింజ పువ్వు, సోంపు ఒకటొకటిగా పైకి వస్తాయి. చిన్న గుక్క తీసుకుని మింగాక దవడల పక్కన గమనించండి. లాలాజలం ఊరుతూ ఎంతసేపు ఆగదో పులుపు అంత ఉన్నట్టు. నాలుక అంచున ఉప్పు తగిలినట్టు, చిగుళ్ల దగ్గర కొంచెం వగరు ఉన్నట్టు అనిపిస్తే మంచి గుర్తులే. రుచి ఎంతసేపు నిలిచిందో మనసులో లెక్కపెట్టండి. పది లెక్కపెట్టేసరికి మాయమైతే సాధారణమైన వైన్.

మూడో విడత మర్నాడు. సీసాలో మూడో వంతు మిగిల్చి, కార్క్ బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. మంచి కారికాంటే రెండో రోజుకు విప్పారుతుంది. నీరసపడిపోతే ఆ పంటను దాచిపెట్టవద్దని తేలినట్టే. దాచడానికి అరడజను సీసాలు కొనే ముందు ఒక్క సీసాతో ఈ పరీక్ష చేయడం నేను తప్పనిసరి అంటాను.

ఆరో దశ: వంటకం పక్కన పెట్టండి

పుల్లటి వైన్‌కు ఉప్పు, నూనె తోడు. ఉప్పు పులుపును మెత్తబరుస్తుంది, పులుపు నూనె జిడ్డును కోస్తుంది. ఎట్నా చుట్టుపక్కల తినేవాటిలో దీనికి సరిపోయేవాటికి కొదవ లేదు. నిమ్మరసంలో ఊరిన పచ్చి నెత్తళ్లు, ఆలివ్ నూనె పోసి కాల్చిన స్వోర్డ్‌ఫిష్, బ్రెడ్ పొడి, ఎండుద్రాక్ష, పైన్ గింజలు కూరిన సార్డీన్ చేపలు, అంటే అక్కడివారి "సార్డే ఎ బెకాఫికో", అన్నీ దీనికి జోడీలే. చేపలొద్దనుకునేవారికి వేయించిన వంకాయ, టమాటా, ఉప్పు రికోటా చీజ్ కలిపిన కటానియా వంటకం "పాస్తా అల్లా నోర్మా" ఉంది. టమాటా పులుపు ముందు చాలా తెల్ల వైన్లు చప్పబడతాయి, కారికాంటే నిలబడుతుంది.

తప్పించవలసినవి కూడా అక్కడే ఉన్నాయి. తీపీ పులుపూ కలిసిన వంకాయ వంటకం కపొనాటాలో చక్కెర ఎక్కువైతే వైన్ కరుకుగా మారుతుంది. ఆర్టిచోక్ అనే కూరగాయ తిన్నాక ఏ డ్రై వైన్ తాగినా వింత తీపి వస్తుంది. ఎట్నా పక్కనే ఉన్న బ్రోంటే ఊరి పిస్తా మిఠాయిలు ఎంత రుచిగా ఉన్నా ఈ వైన్‌కు పరమ శత్రువులు. అదే పిస్తాను ఉప్పు వేసి పాస్తాలో కలిపితే మాత్రం కథ వేరు.

ఏడో దశ: లోపాన్ని, స్వభావాన్ని వేరు చేయండి

గ్లాసు అడుగున చక్కెర పలుకుల్లాంటివి మెరిస్తే అవి టార్ట్రేట్ స్ఫటికాలు. చలికి పేరుకుంటాయి, హాని లేదు. పొగచూరినట్టు, కిరోసిన్ చాయ ఉన్నట్టు వాసన వస్తే అది వయసు మీరిన కారికాంటే లక్షణం, రీస్లింగ్ అనే మరో తెల్ల ద్రాక్ష వైన్‌లోనూ కనిపిస్తుంది. కొందరికి నచ్చదు. నాకు నచ్చుతుంది.

నిజమైన లోపాలు రెండే చూసుకోండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ వల్ల చెడింది. ఎంత తిప్పినా తగ్గదు, పైగా పెరుగుతుంది. కొన్నచోట తిరిగి ఇచ్చేయండి. లేత వైన్‌లోనే గోధుమ రంగు, దెబ్బ తగిలిన ఆపిల్ వాసన ఉంటే ఆక్సీకరణం. తరచుగా అది రవాణాలోనో, దుకాణపు కిటికీలోనో వేడి తగలడం వల్ల జరుగుతుంది. ఎండ పడే అద్దాల వెనుక పెట్టిన సీసాను తగ్గింపు ధరకు ఇచ్చినా కొనకండి.

ఎనిమిదో దశ: దాచి చూడండి

సాధారణ ఎట్నా బియాంకోను పంట తర్వాత రెండు నుంచి అయిదేళ్లలో తాగడం మేలు. మంచి సుపీరియోరే పదేళ్లు దాటి నిలుస్తుంది. రంగు లేత గడ్డి నుంచి బంగారానికి మారుతుంది, నిమ్మ వెనక్కి తగ్గి తేనె, మైనం, ఎండిన మూలికల వాసన ముందుకు వస్తుంది, పులుపు మాత్రం వెన్నెముకలా నిలబడే ఉంటుంది.

దాచడానికి 12 నుంచి 14 డిగ్రీల స్థిరమైన చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. కార్క్ తడిగా ఉండేలా సీసాను పడుకోబెట్టాలి. అంత చల్లటి చోటు లేకపోతే, వేడెక్కి చల్లారే అల్మారాలో ఏళ్ల తరబడి ఉంచడం కంటే కొన్న ఏడాదే తాగేయడం తెలివైన పని. చోటు ఉంటే ఒకే వైన్ మూడు సీసాలు కొని, ఒకటి ఇప్పుడు, రెండోది మూడేళ్లకు, మూడోది ఏడేళ్లకు తెరవండి. ప్రతిసారీ నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడితే పాత సీసా ఎప్పుడూ గొప్పగానే తోస్తుంది.

తోటకే వెళ్లాలనుకుంటే

సర్కుమెట్నియా అనే చిన్న రైలు కొండను చుట్టుకుంటూ రాండాజో, లింగ్వాగ్లోసా మీదుగా రిపోస్టో దాకా వెళుతుంది. ఉత్తర వాలుకు అది బాగుంటుంది గానీ మిలోకు కారు తప్పదు. ఇటలీలో వాహనం నడిపేవారి రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు మించకూడదు. రుచి చూసి ఉమ్మేయడానికి వైనరీల్లో పాత్ర ఉంటుంది, దాన్ని వాడటం మర్యాదకు భంగమేమీ కాదు.

కుటుంబ వైనరీలకు చెప్పకుండా వెళ్లకండి. కోత రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. వెళితే "పాల్మెంటో" చూపించమని అడగండి. కొండవాలు ఆసరాగా లావా రాతితో కట్టిన పాత గానుగ గది అది. పైన కాళ్లతో తొక్కితే రసం దానంతట అదే కింది తొట్లలోకి దిగేది. యూరోపియన్ పరిశుభ్రత నిబంధనల వల్ల అందులో అమ్మకానికి వైన్ తయారు చేయడం ఆగిపోయింది, కట్టడాలు మాత్రం చాలా చోట్ల చెక్కుచెదరలేదు.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. కొండ బూడిద ఎగజిమ్మితే కటానియా విమానాశ్రయం మూసేస్తారు. కొన్న సీసాలను బట్టల మధ్య చుట్టి సామానుగా వేసే పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో అనుమతించకపోవచ్చు. ఇల్లు చేరాక కనీసం వారం రోజులు కదపకుండా పడుకోబెట్టి, ఆ తర్వాతే మొదటిది తెరవండి.